రెండు తెల్ల ఉప్పులు

నా రాతలో తప్పులు చాలా ఉంటాయి, ముందే మన్నించమని అడుగుతున్నాను. అరవై దాటాక పలక పట్టినదాన్ని. ఒత్తు కింద పెట్టాలా పక్కన పెట్టాలా అని ఆలోచించేలోపు చెప్పాలనుకున్న మాట జారిపోతుంది. ఒక్క పేజీ నిండడానికి నాకు పూట పడుతుంది. ఇది నాకే జరిగింది. అయినా "నేను" అని మొదలుపెట్టిన ప్రతిసారీ చెయ్యి ముందుకు పోలేదు. "ఆమె" అని రాస్తే కదిలింది. మా ఆయన ఉన్నన్నాళ్ళూ ఈ సంగతి మా ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు. ఆయన పోయాకే నాకు అక్షరాలు వచ్చాయి. బస్తర్‌లో రాజుగారి ఏలుబడి నడుస్తున్న రోజులవి. దూరాన ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతోందనీ, దానికి మన అడవి కలప కావాలనీ సంతలో చెప్పుకునేవారు.

కలప కంట్రాక్టరు మనిషి భూషణం గాజు జాడీని తెచ్చి బండ మీద పెట్టినప్పుడు సారలమ్మ ఖాళీ కడవను నడుముకు ఆనించుకుని నిలబడి ఉంది. జాడీలోని నీళ్ళు పొయ్యి మీంచి అప్పుడే దిగినవి. ఆవిరి లేచి చలికాలపు పొద్దుటి ఎండలో కలిసిపోతోంది. నీళ్ళు మాత్రం వాగులో ముంచినప్పుడు ఎంత తేటగా ఉన్నాయో అంత తేటగానే ఉన్నాయి, జాడీ అవతల కూర్చున్న మంగి ముఖం వాటిలోంచి వెడల్పుగా, వంకరగా, నవ్వుతూ కనిపిస్తోంది. గూడెమంతా చుట్టూ చేరింది. మంగి తండ్రి కేసా ఆ గూడేనికి పెద్ద. అందరికంటే ముందు గొంతుకూర్చుని, రెండు చేతుల మధ్య ఒక మట్టిగడ్డ పట్టుకుని ఉన్నాడు. అది వాగు గట్టు మట్టి. జాడీలో బంగారం పడితే ఆ గడ్డను భూషణం చేతిలో పెడతాడు. చేత్తో ఇచ్చిన మట్టిని ఆ గూడెంలో ఎవరూ తిరిగి అడగరు, అడగడం పుట్టి ఎరగరు. ఇచ్చిన మరుక్షణం ఈ గట్టూ, గట్టు మీది ఇళ్ళూ, ఊట కింద మంగి వాళ్ళ మడీ, భూషణాన్ని పంపిన కలప కంట్రాక్టరువి అయిపోతాయి. గూడెం గుట్ట అవతలికి లేచిపోవాలి. బదులుగా వాగులో తీసే బంగారంలో అందరికీ వాటా. అంతా ఈ నీళ్ళు చల్లారేలోపు తేలిపోతుంది. "తొందరపడకండి పెద్దాయనా," అన్నాడు భూషణం. రాజమండ్రి వైపు మనిషి, మాట ఎప్పుడూ నున్నగా ఉంటుంది. "బంగారం సిగ్గరి. వేడిలో బయటికి రాదు. చల్లారనివ్వండి, ఉంటే తానే వస్తుంది." సారలమ్మ నీళ్ళను చూడడం లేదు. జాడీని చూస్తోంది. అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడిన జాడీ. ఆ పెచ్చు ఎలా ఊడిందో ఆమెకు తెలుసు, అది ఊడింది ఆమె ఇంట్లోనే.

కాదేమో, గాజు జాడీలన్నీ ఒకేలా ఉంటాయేమో, పెచ్చులూ ఒకేలా ఊడతాయేమో, తను చూసింది జగర్గుండా సంతలో షావుకారు మిఠాయి పెట్టే జాడీనేమో. మొగుడి వైపు చూసింది. ఉప్పలయ్య పొయ్యి దగ్గర కూర్చుని ఆరిపోతున్న కట్టెను అవసరం లేకపోయినా లోపలికి నెడుతున్నాడు. తల ఎత్తలేదు. పొద్దున్నే ఆమెను నిద్రలేపిందీ అతనే, ఎప్పుడూ లేనిది భుజం మీద మెల్లగా చెయ్యి వేసి. "లెవ్వే, నీళ్ళు నువ్వే ముంచాల్నట. పెద్దాయన గట్లనే అన్నడు." ఎందుకు అని అడిగితే, "నీ చెయ్యి అంటే ఆళ్ళకు నమ్మిక," అని నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు ముద్దుగా తోచింది, ఆ సమయానికి. గర్వంగా కూడా తోచింది. పరాయి మనిషి ముంచితే కడవలో ఏం కలుపుతాడో ఎవరికి తెలుసు, పరాయి కడవ ఒద్దు, పరాయి చెయ్యి ఒద్దు, మా మంగి గంగాజల్ ముంచుకొస్తే ఆ నీళ్ళకు ఎదురు లేదని కేసా అందరి ముందూ అన్నాడట. వాగులోకి దిగితే నీళ్ళు చీలమండల్ని కొరికాయి. మంగి గట్టు మీద నిలబడి, "లోతుకు పో గంగాజల్, బంగారం ఒడ్డుకెందుకొస్తది, నీ లెక్క బద్ధకస్తురాలు గది," అని వెక్కిరించింది. ఆమె లోతుకు పోయింది. కడవ కడిగింది, మళ్ళీ కడిగింది, మంగి చూస్తుండగానే ముంచింది. ఆ నీళ్ళలో ఏ మోసమూ లేదు. ఆ నీళ్ళలో ఏ మోసమూ లేదు కాబట్టే గూడెం ఇలా నిశ్చింతగా కూర్చుని ఉంది.

గంగాజల్. ఆ మాట మంగిదీ కాదు, తనదీ కాదు. సుక్మా సంతకు పోయినప్పుడు హల్బీ మాట్లాడే ఆడవాళ్ళు ఇద్దరిద్దరుగా కట్టుకునే స్నేహం అది. ఒకరి దోసిట్లో నీళ్ళు ఒకరు తాగితే ఆపైన వాళ్ళు చుట్టాలకంటే ఎక్కువ, ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, చచ్చేదాకా గంగాజల్ అనే పిలవాలి. మంగి చూసింది, సరదా పడింది, వాగు దగ్గరికి లాక్కుపోయి దోసిలి పట్టింది. తాగు అంది. ఏ భాషలో అందో గుర్తులేదు, మంగి నోట్లో గూడెం మాట దొర్లీ, తెలుగూ, సంత హిందీ ఒక్క మాటలోనే కలిసి వస్తాయి. తను అప్పటికి వచ్చి ఒక్క వానాకాలమే అయింది. ఉప్పలయ్య భద్రాచలం వైపు నుంచి ఉప్పు బండి తోలుకుని వచ్చే మనిషి, ఎక్కడా గజం నేల లేదు, అత్తవారి ఊరూ లేదు, ఒక వానకు బండి ఇరుసు విరిగితే ఈ గట్టు మీద ఆగిపోయారు. కేసా వాకిలంత జాగా చూపించి, "ఉండుండ్రి, వాన తగ్గినంక సూద్దం," అన్నాడు. వాన తగ్గింది, ఎవరూ పొమ్మనలేదు. ఆ జాగాలోనే గుడిసె లేచింది. మొదటి కాన్పు పోయినప్పుడు మంగి తన బిడ్డను చంకలోంచి దించి ఇంకొకరికి ఇచ్చి, ఖాళీ చేతులతో వచ్చి పక్కన కూర్చుంది. ఉప్పు బండి తోలే మనిషి ఇంట్లోనే ఉప్పు అయిపోయిన శ్రావణంలో, పొయ్యి పైన పొగలో వేలాడుతున్న ఆకు పొట్లం విప్పి సగం ఇచ్చింది. తడి వేలితో అద్దుకుని గంజిలో కలుపుకున్న ఆ ఉప్పు.

ఉప్పు అనగానే మళ్ళీ ఆ రెండు కుప్పలు కళ్ళ ముందుకొచ్చాయి. ఇందాక భూషణం మోదుగాకులు రెండు పరిచి, ఒక్కొక్క ఆకు మీద ఒక్కొక్క తెల్ల పొడి పోసి అందరికీ చూపించాడు. వచ్చి ముట్టుకోండి, నలపండి అన్నాడు. అందరూ నలిపారు. తెల్లది, అదీ తెల్లదే. మంగి నాలుక మీద పెట్టుకోబోతే మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "తినేది కాదమ్మా." ఆ పట్టుకోవడంలో ఉన్న భయం ఒక్క సారలమ్మకే కనిపించినట్టుంది. ఆ తర్వాత రెంటిలోంచీ చిటికెడు చిటికెడు, మంగి తెచ్చిన గిన్నెలో మరుగుతున్న వాగు నీళ్ళలో వేశాడు. పొడి మునిగింది, కరిగింది, నీళ్ళు తేటగానే ఉన్నాయి. "చూశారుగా, నా చేతిలో ఉన్నవి తెల్లనివి. నీళ్ళలో రంగు లేదు. బంగారపు పచ్చదనం అనేది వస్తే అది ఎక్కడినుంచి రావాలి?" "వాగులకెంచి రావాలె," అన్నాడు కేసా. ఆయన తాత కాలంలో బంగారం కడిగేవాళ్ళు ఇటు వచ్చి, ఈ వాగు ఇసుకలో నలుసంత దొరికించుకుని పోయారట. ఆ నలుసు కథను ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. కడవకు కాపలా పెట్టారు, చేతికి కాపలా పెట్టారు, నీళ్ళకు కాపలా పెట్టారు. తెల్లటి ఉప్పుకు కాపలా ఎవరు పెడతారు, ఉప్పు అన్నది ఆ అడవిలో అందరికీ అంత ప్రియమైన వస్తువైతే.

తెల్లనివి రెండు కలిస్తే పచ్చనిది వస్తుందని తనకు తెలుసు. చూసింది కదా. సంక్రాంతి ముందు కోతలప్పుడు, మధ్యాహ్నం, కుండలో అంబలి ఇంకా వెచ్చగానే ఉంది. ఉప్పలయ్య భూషణాన్ని బండి మీద ఎక్కించుకొచ్చాడు, మంచి మనిషే, దొరల దగ్గర తిరిగినోడు, అంబలి పొయ్యమన్నాడు. భూషణం అంబలి తాగి, మూతి తుడుచుకుని, గోనెలోంచి జాడీ తీశాడు. తీస్తుండగా పొయ్యి రాయికి తగిలి పెచ్చు ఊడింది. ఊడిన పెచ్చును ఆమే ఏరి, కోళ్ళ కాళ్ళకు గుచ్చుకుంటుందని చూరులో దాచింది. ఒక గిన్నెలో నీళ్ళు పోసి ఆమెను పట్టుకోమన్నాడు, తెల్ల పొడి గుప్పెడు వేసి కలపమన్నాడు. కలుపుతుంటే గిన్నె చేతిలో చల్లబడిపోయింది. ఎవరో లోపల మంచు పెట్టినట్టు. ఆమె అరిచేసరికి ఇద్దరూ నవ్వారు. "చూశావా చెల్లెమ్మా, ఈ ఉప్పు కరగాలంటే దానికి వేడి కావాలి. ఎక్కడా దొరక్కపోతే నీళ్ళలోది లాక్కుంటుంది, నీ చేతిలోది లాక్కుంటుంది. ఇది ఆస్పత్రిలో పుండ్లకు రాసే గోధుమరంగు అయొడిన్ మందు ఉందే, దాని చుట్టం. ఇంకోటి సీసం ఉప్పు. చన్నీళ్ళలో కాస్త మొండికేసినా కరుగుతుంది, వేన్నీళ్ళలో ఇంకా తొందరగా కరుగుతుంది." రెంటినీ చల్లగా కలిపితే ఒక్కసారిగా పసుపు కలిపినట్టయింది, చిక్కటి పసుపు, విరిగిన పాలలా బరువుగా అడుగుకు దిగింది. దాన్ని పొయ్యి మీద పెడితే మెల్లమెల్లగా పలచబడి, మాయమై, తేట నీళ్ళు మిగిలాయి. ఆ తేట నీళ్ళను జాడీలో పోసి చల్లారనిస్తే, అమ్మా, అది చూడాలి, పసుపు ముద్దగా రాలేదు, రేకులు రేకులుగా వచ్చింది, బంగారపు రజను నీళ్ళ మధ్యలో పుట్టి తిరుగుతూ, తళుక్కుమంటూ రాలింది. ఆమె చప్పట్లు కొట్టింది. మళ్ళీ చెయ్యమని అడిగింది. మళ్ళీ చేశాడు. ఇది ఎందుకు అంటే, దొరగారి పిల్లలకు చూపించే ఆట అన్నాడు ఉప్పలయ్యే, భూషణం కాదు, ఉప్పలయ్య. ఎంత తొందరగా అన్నాడో ఇప్పుడు గుర్తొస్తోంది. భూషణం అప్పటికి ఇంకా నోరు తెరవనే లేదు.

ఎందుకలా అవుతుంది అని అడిగింది తనే. అడిగితే చెప్పాడు, చెప్పడం అతనికి ఇష్టం. వేడి నీళ్ళలో అన్నీ విడిపోయి తిరుగుతుంటాయి చెల్లెమ్మా, తిరునాళ్ళలో జనంలాగా, ఎవరి జత ఎవరో పట్టదు. వేడి తగ్గేకొద్దీ తిరుగుడు తగ్గుతుంది. అప్పుడు ఎవరు ఎవరిని గట్టిగా పట్టుకోగలరో వాళ్ళు వాళ్ళని పట్టుకుంటారు. సీసం దాని పాత జతను వదిలేసి అయొడిన్‌ను పట్టుకుంటుంది. ఆ పట్టు ఎంత గట్టిదంటే నీళ్ళు దాన్ని విడదీయలేవు, మోయలేవు, కింద రాల్చేస్తాయి. పట్టుకునేటప్పుడు కాస్త వేడిని బయటికి వదులుతుంది కూడా, లాక్కున్నది తిరిగి ఇచ్చినట్టు, అయితే అది నీ చేతికి తెలిసేటంత కాదు. మరి మన వంట ఉప్పు? అని అడిగింది. భూషణం పెద్దగా నవ్వి, "అది పాపం వేడికీ చలికీ దాదాపు ఒకేలా ఉంటుంది. దాంతో ఏ గారడీ చెయ్యలేం," అన్నాడు. ఉప్పలయ్య కూడా నవ్వాడు. పాత జతను వదిలేసి. ఆ మాట మధ్యాహ్నపు ఎండలో అంబలి వాసనతో పాటు విని ఊరుకుంది తను. ఇప్పుడు మొగుడి వీపు చూస్తుంటే ఆ మాట మళ్ళీ వినపడుతోంది. చొక్కా కొత్తది. ఎప్పుడు కొన్నాడు?

ఆవిరి సన్నబడింది. మంగి జాడీ మీదికి వంగి, వెనక్కి జరిగి, ఎవరితోనో ఏదో అని నవ్వింది. కేసా కదలలేదు. ఎన్ని రాత్రులు ఉప్పలయ్య పక్కన పడుకుని తను కబుర్లు చెప్పింది, అతను వింటున్నాడని ఎంత మురిసింది. బండి తోలే మనిషి, ఇంటికొస్తే నోరు విప్పడు, అలాంటివాడు ఈ మధ్య అడగడం మొదలుపెట్టాడు. మంగోళ్ళ మడికి నీళ్ళు ఎండాకాలంల గూడ ఆగవా? ఆగవు, ఊట గుట్ట లోపల్నుంచి వస్తుంది, ఎర్రటి ఎండల్లో కూడా కాలు పెడితే జిల్లుమంటుంది. ముసలోడు దేన్ని నమ్ముతడు? వాళ్ళ తాత చూసిన నలుసును నమ్ముతాడు, ఆ కథ చెబుతుంటే కళ్ళు తడుస్తాయి. మట్టి ఇస్తే మళ్ళీ అడగరంట గదా? అడగరు. బయటోళ్ళ మాట వినరా? బయటోళ్ళు తెచ్చిన నీళ్ళు కూడా తాగరు, ఒక్క నన్ను తప్ప. చెప్పింది. ఒక్కొక్కటీ తనే చెప్పింది, అతని చేతి మీద తల పెట్టుకుని, ఇన్నాళ్ళకు నా మనుషుల గురించి అడుగుతున్నాడు, నా వాళ్ళను తన వాళ్ళనుకుంటున్నాడు అనుకుంటూ. ఆ మాటలన్నీ ఇప్పుడు ఈ బండ చుట్టూ కూర్చుని ఉన్నాయి. నలుసు కథ, మట్టిగడ్డ, కడవ, తన చెయ్యి. అతను ఒక్కటీ వృథా పోనివ్వలేదు. గిన్నె చల్లబడినట్టు అరచేతులు చల్లబడ్డాయి. కడవ కింద పెట్టేసి పొయ్యి దగ్గరికి నడిచింది.

"ఇది ఆ ఆటే గదా," అంది, పక్కన కూర్చుని, నిప్పు కాచుకుంటున్నట్టు చేతులు చాపి.

"ఏ ఆట?"

"దొర పిల్లల ఆట."

ఉప్పలయ్య కట్టెను ఇంకా లోపలికి నెట్టాడు. "సప్పుడు చెయ్యకు. నీ కోసమే."

"నా కోసం ఏంది?"

"కంట్రాక్టరు ఊట కింద మడి మనకు రాసిస్తనన్నడు. ఎన్నాళ్ళు ఒకళ్ళ వాకిట్ల బతుకుతమే? ఆళ్ళకు గుట్ట అవతల జాగ జూపిస్తరు, చావరు గదా."

"మంగి మడి."

"ఇంకెవరిదనుకున్నవ్?" అని, మొదటిసారి ఆమె వైపు చూశాడు. ఆ చూపులో దొంగతనం ఉంటుందేమో అనుకుంది, లేదు. అలసట ఉంది, ఆశ ఉంది, కొత్త ఎడ్లను తెచ్చి ఇంటి ముందు నిలబెట్టి ఎలా ఉన్నాయని అడిగేవాడి చూపు అది. దొంగచూపు ఉన్నా బాగుండేది. తను సంతోషిస్తుందనే అనుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురం చేసి, తను మంగి మడి తీసుకుని సంతోషించే మనిషి అనుకున్నాడు.

వరద వచ్చిన ఏడు ఇతనే తనను భుజాన వేసుకుని వాగు దాటించాడు, జ్వరంలో ఒళ్ళు కాలిపోతుంటే అతని మెడ చల్లగా ఉండింది, ఆ చల్లదనం ఇప్పటికీ చెంపకు తెలుసు. ఏనాడూ చెయ్యి ఎత్తలేదు. నోరు తెరిస్తే ఇతనేమవుతాడు? మోసగాడవుతాడు, అందరి ముందూ. గూడెం తరిమేస్తుంది, ఇతన్ని తరిమితే తననూ తరిమినట్టే. తెరవకపోతే? ఆ మడిలో తను నాటు వేస్తుంది, ఊట నీళ్ళు కాళ్ళకు జిల్లుమంటాయి, గుట్ట అవతల రాళ్ళ నేల మీద మంగి కూర్చుని ఉంటుంది, ఎప్పుడో సంతలో ఎదురై గంగాజల్ అని పిలుస్తుంది. పిలుస్తుంది, మంగికి తెలియదు కదా. ఎన్నటికీ తెలియదు. తెలియకుండా పిలుస్తూనే ఉంటుంది, తను పలుకుతూ ఉండాలి.

"ఏంది గంగాజల్, మొగుడి పక్కకు జేరినవ్ అప్పుడే?" మంగి గొంతు. "బంగారం రాకముందే బేరాలా? గిటు రా. నాకు మొదట దొరికిన దాంతోని నీకే ముక్కుపుడక జేపిస్త. నీ మొగుడు చేపిస్తడనుకున్నవా, ఉప్పు గల్లు గుచ్చి పెడతడు." జనం నవ్వారు. ఉప్పలయ్య కూడా నవ్వాడు. అంత తేలిగ్గా నవ్వాడు.

అప్పుడు వచ్చింది. మొదట ఒకటే, జాడీ గోడ పక్కన, ఎండలో గుచ్చుకున్న సూదిమొనలా మెరిసి ఆరిపోయింది. ఎవరో అబ్బా అన్నారు. తర్వాత ఇంకోటి, నీళ్ళ నడుమ, ఎక్కడినుంచీ రాలేదు, అక్కడే పుట్టింది. ఆ తర్వాత లెక్క లేదు. నీళ్ళంతటా ఒక్కసారే రేకులు పుట్టి, తిరుగుతూ, అంచు తిరిగినప్పుడు కనబడకుండా పోతూ, మొహం తిరిగినప్పుడు మండుతూ, తొందర లేకుండా అడుగుకు రాలసాగాయి. ముసలివాళ్ళు లేచి నిలబడ్డారు. ఆడవాళ్ళు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. మంగి ఏడుస్తోంది, నవ్వుతూ ఏడుస్తోంది. సారలమ్మకు తెలుసు అది ఏమిటో, పాత జతను వదిలేసిన సీసం కొత్త జతతో అడుగుకు దిగుతోంది, అంతే, అయినా కళ్ళు తిప్పుకోలేకపోయింది, ఇంత అబద్ధం ఇంత అందంగా ఎలా ఉంటుంది అనుకుంది, ఆ అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. కేసా లేచాడు. మోకాళ్ళు చప్పుడు చేశాయి. మట్టిగడ్డ రెండు చేతులతో ముందుకు చాచాడు. భూషణం దోసిలి పట్టాడు.

సారలమ్మ లేచి, బండ మీది జాడీని కొంగుతో పట్టుకుని, నడిచి, పొయ్యి మీద ఇంకా కూర్చునే ఉన్న, ఇందాక నీళ్ళు మరిగించిన ఆ గిన్నెలోకి బంగారంతో సహా వంపేసింది. ఉప్పలయ్య నెట్టిన కట్టెలు ఉన్నాయి కదా, ఎర్రగా ఉన్నాయి. వంగి ఊదింది.

"అయ్యో చెల్లెమ్మా, ఏమిటిది, పాడైపోతుంది!" భూషణం పరుగెత్తి వచ్చాడు. ఉప్పలయ్య ఆమె జబ్బ పట్టుకున్నాడు. "నీకేమన్న పిచ్చా? ఇడువు." ఆమె వదల్లేదు. ఊదుతూనే ఉంది, పొగ కళ్ళలోకి పోతోంది.

"ఆగుండ్రి," అన్నాడు కేసా. గడ్డ ఆయన చేతుల్లోనే ఉంది. "బంగారం అయితే నిప్పుకు భయపడదు. సూడనియ్యి."

అందరూ గిన్నె చుట్టూ మూగారు. అడుగున పచ్చగా పేరుకున్నది కదిలింది, నీళ్ళు వెచ్చబడేకొద్దీ రేకులు సన్నబడ్డాయి, ఒకటొకటే, ఎవరో వేలితో తుడిచేస్తున్నట్టు. నీళ్ళు మరిగాయి. అడుగున గిన్నె అడుగు తప్ప ఏమీ లేదు. వాగులో ముంచినప్పుడు ఎంత తేటగా ఉన్నాయో అంత తేటగా ఉన్నాయి.

కేసా గిన్నె మీదికి వంగాడు. "మా తాత జూసిన నలుసును కంసాలి కుంపట్ల పెట్టి ఊదిండంట," అన్నాడు చివరికి, ఎవరితోనో కాదు, గిన్నెతో. "ముద్దయిందట గని మాయం కాలే." భూషణం ఏదో చెప్పబోయాడు, వేడికి లోపల దాక్కుంటుందనీ, మళ్ళీ చల్లారితే వస్తుందనీ. అవి అబద్ధాలు కూడా కావు. "వస్తది, పోతది," అన్నాడు కేసా. "గసొంటిది మాకొద్దయ్యా. బండెక్కు." గడ్డను తీసుకుని గట్టు వైపు నడిచాడు. వంగి, ఎక్కడినుంచి తీశాడో అక్కడే పెట్టి, అరచేత్తో అదిమాడు. భూషణం ఆకులు రెండూ జాగ్రత్తగా మడుచుకున్నాడు, ఖాళీ జాడీ తీసుకున్నాడు. ఉప్పలయ్య ఎడ్లను కట్టాడు, అతన్ని దిగబెట్టడానికి, లేక ఇక్కడ నిలబడలేక. బండి కదిలేటప్పుడు ఆమె వైపు చూశాడు. "నువ్వెవరి దానివే?" అన్నాడు. కోపంగా అని ఉంటే ఆమె జవాబు చెప్పేది. నిజంగానే తెలియనట్టు అడిగాడు.

మంగి ఒక్కతే మిగిలింది. దగ్గరికి వచ్చింది. చెయ్యి పట్టుకుంటుందనుకుంది సారలమ్మ.

"నీకెట్ల ఎరికైంది, నిప్పు మీద పెడితే పోతదని?"

"మా ఇంట్ల జూసిన. కోతలప్పుడు. పిల్లల ఆట అన్నడు. ఇయ్యాల జాడీ జూసినంకనే..."

"నీ ఇంట్ల ఆడిండ్రు." మంగి మెల్లగా అంది. "కోతలప్పుడు. రోజూ నీళ్ళకు కలిసే పోయినం గదా. ఒక్కనాడన్న అనకపోతివి, గిట్ల ఒక ఆట జూసిన్నని."

అనలేదు. ఎందుకు అనలేదు? చెబుదామనే అనుకుంది. మంగిని కూడా ఇంటికి పిలిచి ఆ బంగారపు వాన చూపించాలని ఎంత మనసైందో. ఎవరికీ చెప్పకు, దొర ఆట ముందే బయటపడితే బాగుండదు అన్నాడు ఉప్పలయ్య. మొగుడు దాచమన్నది దాచింది, అంతే, అందులో చెడు కనిపించలేదు. ఇవన్నీ నోటి దాకా వచ్చాయి. మంగి ముఖం చూస్తే ఆ మాటలన్నీ భూషణం మాటల్లాగే నున్నగా ఉంటాయనిపించింది.

"మా అయ్య నీ చేతి నీళ్ళన్నడు గదా," అంది మంగి. "నీ చేతి నీళ్ళనే అన్నడు." పొయ్యి మీది గిన్నె వైపు చూసింది. చాలా మామూలుగా, కొత్తగా వచ్చిన ఇరుగమ్మను పలకరించినట్టు అంది: "గిన్నె మాది. కడిగి ఇయ్యి, సారలమ్మా."

ఆ పేరు ఆ నోట్లోంచి ఆమె ఎప్పుడూ వినలేదు. అది తన పేరేనని తెలియడానికి కాసేపు పట్టింది. మంగి అప్పటికే వెళ్ళిపోతోంది.

గిన్నె దించి పక్కన పెట్టి కూర్చుంది. ఎండ ఎక్కింది. వాగు చప్పుడు వినపడుతోంది. గిన్నెలో నీళ్ళు చల్లారుతున్నాయి. కాసేపటికి ఎవరూ చూడకుండానే రేకులు మళ్ళీ పుట్టి రాలడం మొదలుపెట్టాయి, నమ్మినవాళ్ళు ఉన్నా లేకున్నా ఒకేలా రాలతాయి కాబోలు. ఈ నీళ్ళను వాగులో పారబొయ్యకూడదు, తినేది కాదన్నాడు కదా, గొడ్లు తాగుతాయి, కిందికి పోతాయి. గట్టు మీద పోయకూడదు, మడి వైపు పోయకూడదు. ఎక్కడ పోయాలి అని చూసింది. తమ గుడిసె ముందు వాకిలి ఉంది. వెళ్ళి కర్రతో తవ్వసాగింది. నేల గట్టిగా ఉంది. గుంట చాలా లోతుగా తవ్వింది, మోచేతి దాకా దిగేలా, వేళ్ళ చివర్లు పగిలేలా. ఎదుటి ఇళ్ళ అరుగుల మీద మనుషులు కూర్చునే ఉన్నారు. ఎవరూ రాలేదు, ఎవరూ పోలేదు. నీళ్ళు పోసింది. బంగారం నేలలోకి ఇంకింది, పైన పచ్చటి మరక మిగిలింది. మట్టి కప్పి తొక్కుతుంటే అప్పుడు తట్టింది, ఈ విషాన్ని పూడ్చడానికి కూడా తనకు ఉన్నది కేసా ఇచ్చిన ఈ వాకిలే అని.

గిన్నెను బూడిదతో మూడు నీళ్ళలో తోమింది. మంగి గుమ్మం ముందు బోర్లించి వచ్చింది.

సారలమ్మ, వయసు డెబ్బై రెండు. ఇప్పుడు ఉండేది మరైగూడలో.